బ్రేక్ ప్యాడ్ల కాడ కూడా బేరమేనా భాయీ?



పోయిన జుమా నమాజు అయ్యాక మస్జిద్ మెట్ల కాడ చెప్పులు వెతుక్కుంటుంటే ఓ చాచా ఆపారు. "క్యా బేటా, కారు బ్రేకుల గురించి రాస్తున్నవంట. దీన్ గురించి రాసేటోనివి, నీకెందుకు ఆ మిస్త్రీ పనులు?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. మెట్ల మీద నిలబడి పెద్దవాళ్లతో బహస్ చేయడం తమీజ్ కాదు. జవాబు ఇక్కడ ఇస్తున్నాను. చాచా కొడుకు ఫోన్లో చదివి వినిపిస్తాడులెండి.

ముందు వాఖియా చెప్తా. హైదరాబాద్‌లో వలీమా తిని రాత్రి పూట పిట్లం వస్తున్నాం. దుల్హాభాయ్ వ్యాగనార్. ఐదుగురు కూర్చునే బండిలో ఏడుగురం, అందులో ముగ్గురు పిల్లలు. (అది మా తప్పు, ఒప్పుకుంటున్నా.) 161 నంబర్ హైవే నాలుగు లైన్లయ్యాక అందరి కాలూ ఆక్సిలరేటర్ మీద బరువెక్కింది, మాదీ అంతే. ఊరు దగ్గర పడుతుందనగా ముందర వడ్ల ట్రాక్టర్. ట్రాలీకి వెనక లైటు లేదు, ఎర్ర రేడియం ముక్క కూడా లేదు. దుల్హాభాయ్ బ్రేక్ తొక్కారు. ఇనుము మీద ఇనుము గీకిన చప్పుడు. బండి తిన్నగా ఆగకుండా ఎడమకు లాగింది. అదే మమ్మల్ని కాపాడింది కూడా, ఎందుకంటే ఎడమన రోడ్డు అంచు ఖాళీగా ఉంది. మట్టిలో దిగి ఆగాం. ట్రాలీ మూల మా అద్దానికి జానెడు దూరంలో నుంచి పోయింది. వెనక సీట్లో ఆపా చాలాసేపు కలిమా చదువుతూనే ఉంది.

పొద్దున ఉస్తాద్ కుడి చక్రం విప్పాడు. బ్రేక్ ప్యాడ్ అంటే ఒక ఇనుప రేకు, దాని మీద అతికించిన రాపిడి మసాలా. మా దాంట్లో రేకు ఉంది, మసాలా లేదు. అరిగిపోలేదు, ఊడిపోయింది. మొత్తం పెచ్చు రేకు నుంచి విడిపోయి ఎక్కడో రోడ్డు మీద పడిపోయింది. కుడి వైపు పట్టు లేదు, ఎడమ వైపు పట్టుంది, అందుకే బండి ఎడమకు లాగింది. వేసి నాలుగు నెలలు. ఎక్కడ వేయించారో ఊరి పేరు, దుకాణం పేరు రాయను. ధర మాత్రం రాస్తా: 450 రూపాయలు. 600 చెప్తే దుల్హాభాయ్ బేరమాడి 450కి దించారట. ఆ సంగతి అప్పట్లో ఇంట్లో అందరికీ షాన్‌గా చెప్పారు కూడా.

ఇంటికొచ్చాక అందరూ అల్‌హందులిల్లాహ్ అన్నారు, నేనూ అన్నాను. అమ్మీ సద్ఖా తీసింది. మూడో రోజుకి అందరూ మర్చిపోయారు. నాకు అక్కడే గుస్సా వచ్చింది.

మన బండ్ల వెనక అద్దం చూడండి. మాషాఅల్లాహ్ స్టిక్కర్ ఉంటుంది. అద్దానికి లోపల తస్బీహ్ వేలాడుతుంటుంది. బయల్దేరేటప్పుడు సఫర్ కీ దుఆ చదువుతాం. అన్నీ మంచివే, నా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ బ్రేక్ గురించి అడిగితే "అల్లా మాలిక్ హై" అంటాం చూశారా, దాన్ని తవక్కుల్ అనకండి. ఒంటెను కట్టాలా, వదిలేసి తవక్కుల్ చేయాలా అని అడిగిన మనిషికి హుజూర్ (స) ఏం చెప్పారో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ముందు కట్టు. మన కాలంలో ఆ ఒంటె తాడు చక్రం లోపల ఉంటుంది. మనం దాన్ని సంతలో దొరికే అతి సస్తా సుతిలీతో కడుతున్నాం.

నిఖాకు స్టేజీ డెకరేషన్ కోసం ఎంత పోస్తామో నేను రాయక్కర్లేదు. బిర్యానీ దేగ్‌లు ఎన్ని ఎక్కాయో ఆరు నెలలు చెప్పుకుంటాం. కారుకు సీటు కవర్లు, పెద్ద టచ్ స్క్రీన్, పాటలు దద్దరిల్లే స్పీకర్లు వేయిస్తాం. వాటి కాడ బేరం చేస్తామా? సిగ్గుపడతాం, ఇజ్జత్ కా సవాల్. పెళ్లాం పిల్లల జాన్ ఆధారపడిన చీజ్ దగ్గరికొచ్చేసరికి "ఉస్తాద్, సస్తాది వెయ్, పని నడిస్తే చాలు" అంటాం. బ్రేక్ విషయంలో పని నడవడం అంటే ఏంది? మెయిన్ రోడ్డు మీద 30 స్పీడుతో పోతుంటే ఏ ప్యాడైనా ఆపుతుంది. ఇమ్తిహాన్ అక్కడ ఉండదు.

లెక్క చూద్దాం, పిల్లలు బడిలో చదివే లెక్కే. 80 స్పీడు అంటే సెకనుకు 22 మీటర్లు. మంచి బ్రేకులు ఆ వేగాన్ని సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గిస్తాయనుకోండి, తొక్కిన చోటి నుంచి బండి 35 మీటర్లలో ఆగుతుంది. ప్యాడ్లు వేడికి సడలి సెకనుకు 5 మీటర్ల చొప్పునే తగ్గిస్తే దాదాపు 50 మీటర్లు పోతుంది. తేడా 14 మీటర్ల పైనే, వ్యాగనార్లు నాలుగు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత. 40 నుంచి 80కి పోతే బ్రేకు మింగాల్సిన వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. పైగా ఏడుగురు, డిక్కీ నిండా సామాను. నాసిరకం ప్యాడ్‌లో మసాలాను పట్టి ఉంచే జిగురు వేడెక్కితే ఆవిరి వదులుతుంది, రాపిడి పడిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కాలు చివరిదాకా నొక్కుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది.

ఇక అసలు గడబిడ ఎక్కడుందంటే, మన మాటల్లో. మన దుకాణాల్లో రెండే రకాలు వినపడతాయి: "కంపెనీది", "బయటిది". కంపెనీది మెహంగా, బయటిది సస్తా, అంతే ఇల్మ్. ఈ రెండు మాటల మధ్యలోనే ధోఖా దాక్కుంది. ఎందుకంటే కారు కంపెనీలు ప్యాడ్లు సొంతంగా తయారు చేసుకోవు. బ్రేకుల పనే చేసే కంపెనీల దగ్గర కొని, తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి. అలాంటి తయారీదార్లు అదే పనితనంతో తమ సొంత పేరు మీద కూడా ప్యాడ్లు అమ్ముతారు. బ్రేక్స్ ఇండియా, రానే, సుందరం, బాష్, ఇవన్నీ పేరు, ఫ్యాక్టరీ, జిమ్మేదారీ ఉన్నవి. రానే వాళ్ల ఫ్యాక్టరీ ఒకటి మనం హైదరాబాద్ పోయే వైపే, బొల్లారంలో ఉంది. ఇవి "బయటివే", కానీ అస్లీ. మూడో రకం ఇంకొకటి ఉంది: పైన పెద్ద కంపెనీ డబ్బా, లోపల ఎవరు చేశారో ఎవరికీ తెలియని రేకు. అది నక్లీ. నాలుగోది పేరే లేని ప్లాస్టిక్ కవర్ సరుకు. మన నాలుక మీద మూడూ "బయటివే" అయిపోయాయి. అందుకే షోరూమ్‌లో మాత్రమే వేయించాలనే పెద్దమనుషుల మాటా తప్పే, ఏదైనా ఒకటే అనే మిస్త్రీ మాటా తప్పే. షోరూమ్‌లో వేయించే స్తోమత ఉంటే వేయించుకోండి, అందులో గునాహ్ ఏం లేదు. కానీ పిట్లం నుంచి ప్యాడ్ల కోసం అంత దూరం పోవాల్సిన జరూరత్ లేదు. మంచి పేరున్న బయటి ప్యాడ్లు, చేతి నిజాయితీ ఉన్న మన ఊరి ఉస్తాద్, ఈ రెండూ ఉంటే చాలు.

డబ్బా తెరిపించండి. సిగ్గుపడకండి. ఖర్బూజా కొనేటప్పుడు వాసన చూస్తాం, గోష్త్ దుకాణంలో ఏ ముక్క కావాలో వేలు పెట్టి చూపిస్తాం, ఇక్కడెందుకు మొహమాటం? ప్యాడ్ అంచు మీదో, వెనక రేకు మీదో కంపెనీ పేరు, పార్ట్ నంబర్, బ్యాచ్ నంబర్ అచ్చు వేసి ఉండాలి, డబ్బా మీద ఉన్నదానితో కలవాలి. చాలావాటి మీద పొడుగాటి కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి: ఎఫ్ఎఫ్, జీజీ, ఈఎఫ్ లాంటివి. మొదటి అక్షరం మామూలు వేడిలో రాపిడి ఎంతో, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెప్తుంది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదాని కంటే కింది మెట్టులో ఉంటే, వేడెక్కాక పట్టు తగ్గే సరుకని అర్థం. అయితే ఈ అక్షరాలను సనద్ అనుకోకండి. చిన్న ముక్క మీద చేసే పరీక్ష అది. ఎన్నాళ్లు మన్నుతుందో, రేకుకు ఎంత గట్టిగా అతుక్కుందో అది చెప్పదు. నక్లీవాడు డబ్బానే అచ్చు వేయగలిగితే రెండు అక్షరాలు వేయలేడా? కానీ ఏ అక్షరమూ, ఏ నంబరూ లేని ప్యాడ్ అయితే అక్కడికక్కడే వాపస్ ఇచ్చేయండి.

మన దేశంలో బ్రేక్ లైనింగ్‌లకు ఐఎస్ 2742 అనే ప్రమాణం ఉంది. కొన్ని మంచి డబ్బాల మీద యూరప్ వాళ్ల ఆర్90 ముద్ర కూడా కనపడుతుంది. దాని షర్తు సీదా మాట: మార్చి వేసే ప్యాడ్ పనితనం బండితో వచ్చిన ప్యాడ్‌కు 15 శాతం కంటే అటూ ఇటూ పోకూడదు. అటూ ఇటూ అని ఎందుకన్నారో ఆలోచించండి. తక్కువ పట్టుడే కాదు, మరీ ఎక్కువ పట్టడం కూడా ఐబే, ఎందుకంటే ముందు చక్రాల, వెనక చక్రాల బ్రేకుల మధ్య తూకం చెడుతుంది. మన చిన్న కార్లలో ముందర డిస్కు, వెనక డ్రమ్ము. ఆ తూకం చూసే ఇంజనీర్లు బండి తయారు చేశారు. కాబట్టి "రేసింగ్ ప్యాడ్" అని ఆన్‌లైన్‌లో చూసి మోజుపడే నౌజవాన్లు కూడా కాస్త సబర్ చేయండి. వేడెక్కితే గాని పట్టని మసాలా బాన్స్‌వాడ బజారుకు పోయే బండికి దేనికి? సిరామిక్ అయితే చప్పుడు తక్కువ, దుమ్ము తక్కువ, ధర ఎక్కువ. ఇనుప పొడి ఎక్కువున్నవి వేడిని ఓర్చుకుంటాయి, డిస్కును కొంచెం ఎక్కువ తింటాయి. మామూలు ఇంటి వాడకానికి బండితో వచ్చిన రకమే వేయించండి, అంతకు మించి అఖల్ ఖర్చు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు చాచాకు జవాబు. ఇది మిస్త్రీ పని కాదు చాచా, అమానత్ పని.

గింజల కుప్పలో చేయి పెడితే వేళ్లకు తడి తగిలిన వాఖియా మీరే మాకు మక్తబ్‌లో చెప్పారు. పైన ఎండు గింజలు, అడుగున తడి గింజలు. తడిసినవి జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని హుజూర్ (స) అడిగారు. సూరహ్ ముతఫ్ఫిఫీన్ మొదలయ్యేదే తూకంలో కోత కోసేవాళ్ల మీద. గింజల తడికే అంత మాట పడితే, పెద్ద కంపెనీ డబ్బాలో పేరులేని రేకు పెట్టి ఒక ఖాందాన్ మొత్తాన్ని హైవే మీదికి పంపినవాడి సంగతేంది? ఆ రూపాయల్లో బర్కత్ ఎక్కడిది? ఆ రోజీ హలాల్ అని గల్లా మీద చేయి పెట్టి చెప్పగలడా?

మన ఉస్తాద్‌లకు కోపం వస్తుందని తెలుసు. ఈ లైన్‌లో పానాలు పట్టిన చేతుల్లో మనవాళ్ల చేతులు బోలెడు. వాళ్ల హునర్ మీద నాకు ఇజ్జత్ ఉంది. బండి చప్పుడు విని రోగం చెప్పే ఉస్తాద్‌లు ఉన్నారు మన దగ్గర. కానీ ఒక మాట నిజం చెప్పుకుందాం. ప్యాడ్లు మార్చినందుకు మజూరీ 150 ఇవ్వడానికి మనం ఏడుస్తాం. పాపం ఆయన ఇల్లు ఎట్లా గడవాలి? పేరులేని సరుకు మీద మిగులు ఎక్కువ, అందుకే అది ముందుకొస్తుంది. తప్పు సగం మనది. కాబట్టి నేను అడిగేది ఇది: మజూరీ పూరా ఇవ్వండి, 300 అడిగితే 300 ఇవ్వండి, సామాను మాత్రం మీ కళ్ల ముందు, రసీద్‌తో రావాలి. ఉస్తాద్‌లారా, మీరూ ముందే చెప్పండి, "ఇది అస్లీ, ఇది కాదు, నేను రెండోది వేయను" అని. గిరాకీ పోతే పోతుంది. రెండు సార్లు పోతుంది, మూడోసారి వాడే వెతుక్కుంటూ వస్తాడు.

ఖానూన్ కూడా ఊరికే లేదు. నక్లీ ట్రేడ్‌మార్క్ వేస్తే 1999 చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఖైదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, కీలక భద్రతా భాగంగా కేంద్రం నోటిఫై చేసిన సామాను ప్రమాణానికి తగ్గట్టు లేకపోతే అమ్మినవాడికి ఏడాది దాకా జైలు, లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జుర్మానా, లేదా రెండూ. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. కానీ రసీద్ లేకుండా ఎవరి మీద ఏ ఫిర్యాదు చేస్తారు? మా దుల్హాభాయ్ దగ్గర రసీద్ లేదు. దుకాణందార్ "నా దగ్గర కొన్నట్టు సబూత్ ఏంది" అన్నాడు. ఖతం.

ఇంకొక సంగతి ఉంది, నన్ను ట్రాలీ కంటే ఎక్కువ భయపెట్టింది. ఆ పొద్దున ఉస్తాద్ చక్రం విప్పగానే షాగిర్ద్ పిల్లాడు, పదిహేనేళ్లు ఉంటాయో లేదో, గాలి పైపు పట్టుకుని డిస్కు మీద బుస్సుమని కొట్టాడు. నల్ల పొడి మబ్బులా లేచింది. పిల్లాడి కనురెప్పల మీద, ముక్కులో, నాలుక మీద. తుమ్మి, నవ్వి, మళ్లీ కొట్టాడు. వెనక డ్రమ్ము విప్పితే ఇంకా ఎక్కువ ఉంటుంది, డ్రమ్ము డబ్బా లాంటిది, పొడి అంతా లోపలే నిల్వ ఉంటుంది.

ఆ పొడిలో ఏముంది? పేరున్న కంపెనీ అయితే డబ్బా మీద ఆస్బెస్టాస్ లేదని రాస్తుంది. పేరులేని సరుకులో ఏముందో కంటితో చూసి చెప్పలేం. మన దేశంలో ఆస్బెస్టాస్ గనులు మూతపడ్డాయి గాని తెల్ల ఆస్బెస్టాస్ దిగుమతి ఆగలేదు. రష్యా, బ్రెజిల్, కజకిస్తాన్ల నుంచి వస్తూనే ఉంది, ఎక్కువ భాగం ఇంటి కప్పు రేకులకు పోతుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అమెరికా 2024 మార్చిలో తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధించినప్పుడు ఆ జాబితాలో మార్చి వేసే బ్రేక్ లైనింగ్‌లు కూడా ఉన్నాయి. మన సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కార్మికుల సేహత్ గురించి పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఫ్యాక్టరీ కార్మికులకు. మన ఊరి షెడ్డులో గాలి పైపు పట్టిన చోటూ దాకా ఏ తీర్పు వచ్చింది? ఈ రోగం ఇవాళ పీలిస్తే రేపు రాదు. ఇరవై ఏళ్లకో, నలభై ఏళ్లకో వస్తుంది. అప్పటికి ఆ పిల్లాడు తానే ఉస్తాద్ అయ్యుంటాడు, పిల్లల తండ్రి అయ్యుంటాడు, దమ్ము ఆడక మంచం పడితే బీడీల వల్లే అంటాం. మన 300 రూపాయల బచత్ ఎవరి ఊపిరి నుంచి తీశామో చూడండి. దీనికి ఇలాజ్ ఖరీదైనది కూడా కాదు. గాలి కొట్టొద్దు. తడి గుడ్డతో తుడవాలి, లేదా నీళ్లు చల్లి కడగాలి, మూతికి గట్టి మాస్కు, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడమే జుర్మ్, అది వేరే పోస్టులో రాస్తా.

"గరీబులం భాయీ, ఎక్కడి నుంచి తేవాలి" అనేవాళ్లకు ఒక హిసాబ్. మంచి ప్యాడ్లకు, పేరులేనివాటికి తేడా 600 రూపాయలు అనుకుందాం. ముందు ప్యాడ్లు 30,000 కిలోమీటర్లు నడిచాయనుకుందాం. కిలోమీటరుకు రెండు పైసలు. అదే కిలోమీటరుకు పెట్రోల్ ఐదారు రూపాయలు తాగుతుంది బండి. రెండు పైసల కాడ గరీబీ గుర్తొస్తే అది గరీబీ కాదు, ఆదత్. నిజంగా చేతిలో లేకపోతే నెల ఆగండి, బస్సులో పోండి, బండిని ఇంటి ముందు పెట్టండి. బస్సు డ్రైవర్ బ్రేకులకు ఆర్టీసీ జిమ్మేదార్.

దుల్హాభాయ్ బండికి కొత్త ప్యాడ్లు వేయించాం. ఈసారి డబ్బా నేనే తెరిచాను. డిస్కు కూడా గీతలు పడింది, దాని అంచు మీద చెక్కిన కనీస మందం కంటే పల్చబడిందా అని కొలిపించాం, బచాయించింది. పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకు పనికొచ్చే గ్రీజే పెట్టించాం. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటింది, గాలిలో తేమ పీల్చుకుంటుంది అది, మార్పించాం. మూత తీసి ఎన్నాళ్లైందో తెలియని సీసా నుంచి పోయబోతే వద్దన్నాను, ఉస్తాద్ ముఖం చిట్లించాడు, కొత్త సీసా తెచ్చాడు. బండి కదిలే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా నాలుగైదు సార్లు కొట్టాం. మొదటి తొక్కు నేల దాకా పోతుంది, అది తెలియక గ్యారేజీ గోడకు గుద్దినవాళ్లున్నారు.

మర్నాడు ఫజ్ర్ తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 20కి మెల్లగా, పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ. ప్యాడ్, డిస్కు ఒకదానికొకటి అలవాటు పడటానికి. దుల్హాభాయ్ విసుక్కున్నారు, చాయ్ చల్లారిపోతుందని.

మసాలా ఊడిన ఆ ఖాళీ రేకు నేను పారేయలేదు. నా టేబుల్ సొరుగులో ఉంది, పక్కనే ఆ నక్లీ డబ్బా, కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పు. చూడాలనుకున్నవాళ్లు అసర్ తర్వాత ఎప్పుడైనా రండి. చాచా, మీరు కూడా.

ఖుదా హాఫిజ్.